ఒకే తోక మాటలు

బడులు తెరిచేలోగా గుర్వయ్య ప్రెస్సులో కావలసిన పనులు తలుపు పక్క నల్లపలక మీద సుద్దతో రాసి ఉన్నాయి.

పంచాయతీ సమితి నోటీసులు, నాలుగు వందలు.
సర్కసు వాల్‌పోస్టర్లు, రెండు రంగులు.
మునుగోడు వారి పెండ్లి పత్రికలు.
రామచంద్రం సారు ఇంగ్లీషు మాటల పుస్తకం, ముప్పై రెండు పేజీలు. జూన్ పదో తారీఖు దాటొద్దు.
ట్రెడిల్‌కు కొత్త రోలర్లు పోయాలి.
బిక్షమ్మతో ఆఖరు మాట.

బిక్షమ్మ చేతిలో చీపురుతో నిలబడి ఆ పలకను పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. రాసింది గుర్వయ్యే. ఎనిమిదేండ్లుగా తన ప్రెస్సులో అక్షరాల మధ్య తిరుగుతున్న మనిషికి ఈపాటికి చదవడం వచ్చి ఉంటుందని ఆయనకు తోచినట్టు లేదు.

“ఏం రాసిండే, అంతగనం సూస్తున్నవ్?” అంది కాగితాలు మడత పెడుతున్న అండాలు. పుస్తకాలు కుట్టే పని ఆమెది.

“సర్కసోళ్ల పేరున్నది. నా పేరున్నది.”

“ఇంకేంది మల్ల! ఏనుగు పక్కపొంటి నీ బొమ్మ గూడ ఏస్తరు తియ్.”

బిక్షమ్మ నవ్వలేదు. నేల మీద నీళ్లు చల్లి ఊడ్చింది. ఊడ్చిన దుమ్మును జల్లెడలో పోసి పట్టింది. దుమ్ము కిందికి రాలిపోయి నాలుగు సీసపు అక్షరాలు జల్లెడలో మిగిలాయి. వాటిని కొంగుతో తుడిచి, ఏ అక్షరాన్ని ఆ అక్షరం గూట్లో వేసింది.

పందొమ్మిది వందల అరవై ఒకటి, మే నెల ఆఖరి వారం. నల్లగొండ గుట్టల మీది రాళ్లు పొద్దున ఎనిమిదింటికే సెగలు కక్కుతున్నాయి. గుర్వయ్య సైకిలు దిగి, చంకలో మడిచి పెట్టుకున్న ప్రూఫు కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

“గిదేంది బిక్షమ్మా?”

“ప్రూఫు, సేటు.”

“ప్రూఫని నాకు తెల్వదా? గీ ఎర్రబొట్లేంది? రెండు పేజీలల్ల ఇరవై మూడు తప్పులు. బోనం కుండకు పెట్టినట్టు పెట్టిచ్చిండు సారు బొట్లు. ఆయన ముంగట తలకాయ ఎత్తలేకపోయిన.”

కిటికీ దగ్గర ఎత్తుపీట మీద కూర్చున్న మైసయ్య తల తిప్పకుండానే అన్నాడు. “కేసు ఖరాబైంది గుర్వయ్యా. ఒక గూట్ల ఉండేటిది ఇంకో గూట్ల ఉంటాంది. చెయ్యి పెడితే ఏమొస్తదో దేవునికే ఎరుక. ఇప్పేటోళ్ల చెయ్యి సక్కగుంటెనే పేర్చేటోని చెయ్యి సక్కగుంటది.”

ప్రెస్సులో పేర్చడం ఒక పని, విప్పడం ఇంకొక పని. గూళ్ల పెట్టెను కేసు అంటారు. అందులోంచి అక్షరాలు ఏరి, చేతిలోని స్టిక్కు అనే ఇత్తడి పట్టీలో వరసగా పేర్చేవాడు కంపోజిటరు. అచ్చు అయ్యాక ఆ వరసలను మళ్లీ విప్పి, ఒక్కొక్క అక్షరాన్ని దాని గూట్లోకి చేర్చాలి. అది బిక్షమ్మ పని. విప్పే మనిషి ఒక అక్షరాన్ని పక్క గూట్లో పడేస్తే, పేర్చే మనిషికి అదే చేతికొస్తుంది. అందుకని ప్రూఫులో తప్పు కనబడితే అందరూ మొదట విప్పిన మనిషి వైపే చూస్తారు. పైగా మైసయ్య నలభై ఏండ్ల కంపోజిటరు. గుర్వయ్యకు ఈ పని నేర్పింది కూడా ఆయనే.

“నేను తప్పెయ్యలే సేటు,” అంది బిక్షమ్మ.

“మైసన్న అబద్దమాడ్తున్నడా మరి?” గుర్వయ్య పలక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. “ఇంకొక్క ప్రూఫు సూస్త. గిట్లనే ఉంటే నువ్వింక కేసు ముట్టొద్దు. కుట్టు పనికంటవా, నాకు అండాలు ఒక్కతి సాలు. ముందుగాల్నే చెప్తున్న, మల్ల నన్నేమనొద్దు.”

మధ్యాహ్నం మగవాళ్లు అన్నాలకు పోయారు. అండాలు గోడ వార నిద్రపోయింది. బిక్షమ్మ ఇంగ్లీషు కేసు దగ్గర కూర్చుని ఒక గూట్లోని అక్షరాలన్నీ కాగితం మీద కుమ్మరించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ అక్షరాలు ఒక్కొక్కటీ ఆమెకు తెలుసు. ఒకటి గాజు. ఒకటి పగిలిన గాజు. ఒకటి నడుమ అడ్డపుల్ల పెట్టిన గాజు. ఒకటి వట్టి కర్ర, ఒకటి నెత్తి మీద చుక్క పెట్టుకున్న కర్ర. ఒకటి కళ్లజోడు. ఒకటి కాలు చాపుకుని కూర్చున్న మనిషి. కుమ్మరించినవన్నీ పగిలిన గాజులే. ఒక్క అడ్డపుల్ల గాజు లేదు. ఇంకో గూడు కుమ్మరించింది. మరొకటి. ఐదు గూళ్లు చూసినా ఒక్క పరాయి అక్షరం దొరకలేదు.

మైసయ్య అన్నం తిని వచ్చాక ఆమె తన పని చేసుకుంటూనే ఆయన చేతులను చూసింది. తెలుగు పేర్చేటప్పుడు ఆయన కేసు వైపు చూడనే చూడడు. నలభై ఏండ్ల అలవాటు. చెయ్యి తనంతట తానే పోయి వస్తుంది. ఈ ఇంగ్లీషు కేసు కొత్తది. సారు పుస్తకం కోసమని గుర్వయ్య హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్త టైపు, వడ్లగింజంత అక్షరాలు. వాటిని గూళ్లలో సర్దింది బిక్షమ్మే. తప్పు పడ్డ మాటలు దిద్దడానికి మైసయ్య, సారు రాసిచ్చిన కాగితాన్ని చెయ్యి చాచి కిటికీ వెలుతురుకు పట్టాడు. మళ్లీ దగ్గరికి తెచ్చాడు. గూట్లోంచి తీసిన అక్షరాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, ఆఖరికి బొటనవేలితో రాసి చూసి స్టిక్కులో పెట్టాడు. పగిలిన గాజూ, అడ్డపుల్ల గాజూ వేలికి ఒక్కటే.

బిక్షమ్మకు అర్థమైంది. తప్పు గూళ్లలో లేదు. మైసయ్య మామ కండ్లలో ఉంది. చెబితే గుర్వయ్య నమ్మడు. ఒకవేళ నమ్మితే ఈ ముసలాయన ఎక్కడికి పోతాడు? రెండు దారుల్లో దేనిమీదా ఆమెకు కాలు పడలేదు.

మరునాడు పొద్దు పొడవకముందే ట్రెడిల్ అచ్చుయంత్రం మొదలయింది. రోలర్లు సరేసు జిగురూ బెల్లమూ కలిపి కాచి పోసినవి. పదింటి ఎండకు మెత్తబడి జారిపోతాయి కనుక ఎండాకాలం అచ్చు పనంతా పొద్దుటి పూటే. తప్పులు దిద్దిన మొదటి రెండు పేజీలు తొమ్మిదింటికి అచ్చయిపోయాయి. ట్రెడిల్ తొక్కే లింగయ్య యంత్రం ఆపి, ఆ పేజీలు బిగించిన ఫారాన్ని రాతిబల్ల మీదికి దించాడు.

“ఇగో నీ సామాను. నీ సేతిల బడ్డది ఏడికి పోతదో ఏమో!” అన్నాడు నవ్వుతూ.

“నీ నోట్ల బడ్డది మాత్రం కడుపులకే పోతది,” అంది బిక్షమ్మ. అండాలు పడీ పడీ నవ్వింది.

ఆమె సబ్బునీళ్లతో, కుంచెతో సిరా కడిగింది. తడి అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విప్పడానికి వీలు. నాలుగు వరసలు ఎడమ అరచేతిలోకి ఎత్తుకుంది. కుడిచేతి వేళ్లతో ఒక మాటను విడదీసి, బొటనవేలితో ఒక్కో అక్షరాన్నే జార్చుతూ గూళ్లలో వేయడం మొదలుపెట్టింది. టిక్, టిక్, టిక్, టిక్. ఇంకో మాట. టిక్, టిక్, టిక్, టిక్.

నాలుగో మాట దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

ఇంతవరకు ఆమె విప్పిన పనుల్లో ఏ రెండు మాటలూ ఒక్కలాగా ఉండేవి కావు. నోటీసులో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇక్కడ వరసలో ఉన్న ఎనిమిది మాటలూ ఒకే కొలత. నాలుగేసి అక్షరాలు. తలకాయ ఒక్కటే వేరు. వెనక గాజు, పగిలిన గాజు, కాలు చాపిన మనిషి. మళ్లీ గాజు, పగిలిన గాజు, కాలు చాపిన మనిషి. ఒక తల్లి పిల్లలు ఎనిమిదిమంది వేరువేరు రుమాళ్లు చుట్టుకుని నిలబడ్డట్టుగా ఉన్నాయి. పక్క వరస చూసింది. అక్కడ తోక వేరు, కానీ ఎనిమిదింటికీ మళ్లీ ఒకే తోక.

సారు కాగితాలు కేసు మీద బరువు కింద ఉన్నాయి. ఆయన పిల్లలకు రాసినట్టు ప్రతి అక్షరం విడివిడిగా, అచ్చులాగా రాశాడు. ఇంక పేర్చవలసిన తర్వాతి రెండు పేజీలను ఆమె తీసి చూసింది. ఇవి ఐదక్షరాల మాటలు. కానీ తోకలు అవే. గాజు, పగిలిన గాజు, కాలు చాపిన మనిషి. ముందు తల ఒకటికి బదులు రెండు అక్షరాలయింది, అంతే. ఆ తర్వాతి పేజీలు తిప్పింది. కొత్త తోకలతో రెండు పేజీలు నాలుగేసి అక్షరాలు, వాటి వెనకే అవే తోకలతో రెండు పేజీలు ఐదేసి అక్షరాలు. పుస్తకం చివరి దాకా అదే వరస.

తాను ఇప్పుడు ఈ తోకలన్నీ విప్పి గూళ్లలో పోస్తుంది. మధ్యాహ్నం మామ కూర్చుని, కనబడని కండ్లతో అవే తోకలను మళ్లీ ఒక్కో అక్షరంగా ఏరుతాడు. ప్రతి తోకకూ మూడు తప్పులు చేసే సందు. ఆ తప్పులన్నీ వచ్చి తన నెత్తి మీద పడతాయి.

బిక్షమ్మ తలకాయలను మాత్రం గూళ్లలో వేసింది. తోకలను చెదరకుండా ఒక రేకు తట్టలోకి దించింది. ఎనిమిదేసి తోకలకు చుట్టూ పురికొస బిగించి కట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి. తట్ట నిండాక దాన్ని రాతిబల్ల కిందికి తోసి, పైన తడిబట్ట కప్పింది.

మైసయ్య కేక మధ్యాహ్నం మూడింటికి వినబడింది.

“గుర్వయ్యా! ఓ గుర్వయ్యా! జర ఇటు రా! కొత్త టైపు ఏడబోయింది?”

గుర్వయ్య లోపలి గదిలోంచి పరుగున వచ్చాడు. మైసయ్య ఒక గూట్లో వేళ్లు పెట్టి అడుగును గీకి చూపించాడు. “మొన్న గీ గూట్ల దోసెడుండె. ఇయ్యాల సూడు, అడుగు తగుల్తాంది. గిది సూడు. గిది సూడు. అచ్చయిన రెండు పేజీలు ఇప్పినంక మల్ల నిండాలె గద? ఏడబోయినయి?”

గుర్వయ్య ముఖం నల్లబడింది. “బిక్షమ్మా. ఇప్పినవా, లేదా?”

“ఇప్పిన సేటు.”

“మరి ఏడ బెట్టినవ్?”

ఆమె నోరు తెరిచేలోపే మైసయ్య అందుకున్నాడు. “ఏడికి పోతది? సీసం గది. పానగల్లు చెరువు కాడ వలలకు గుండ్లు గావాల్నంటే ఎంతైన తీస్కుంటరు.”

అండాలు సూది గుచ్చబోయి ఆపింది.

“నీ మూట తే,” అన్నాడు గుర్వయ్య.

బిక్షమ్మ గోడ మేకుకు తగిలించిన సద్ది మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ముడి విప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ, సగం ఉల్లిగడ్డ. రొట్టెను ఎత్తి పట్టుకుంది.

“కింద గూడ సూడు సేటు.”

గుర్వయ్య చూడలేకపోయాడు. అప్పటికే గడప దగ్గర రామచంద్రం సారు నిలబడి ఉన్నాడు. నెత్తికి తడి తువ్వాలు చుట్టుకుని, రెండో ప్రూఫు కోసం ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఏం జరుగుతున్నదో ఆయనకు తెలియలేదు కానీ, ఒక ఆడమనిషి పదిమందిలో తన రొట్టెను ఎత్తి చూపిస్తున్నదని మాత్రం కనబడింది.

“ఏమైంది గుర్వయ్యగారూ?”

బిక్షమ్మ రొట్టెను మూటలో పెట్టి, రాతిబల్ల కిందికి వంగి రేకు తట్టను బయటికి లాగింది. బరువుకు తట్ట నేల మీద కర్రుమని గీసుకుంది. తడిబట్ట తీసింది.

“ఇగో మీ సీసం.”

“ఇవేంది?” అన్నాడు గుర్వయ్య.

“తోకలు.”

“ఏం తోకలు? ఎవల తోకలు?”

“సారు మాటలయి. ఎనిమిది మాటలకు ఒకటే తోకున్నది. మల్లొచ్చే పేజీలల్ల గూడ గదే తోకున్నది. తలకాయలు మార్తె సాలు. ఇయ్యాల ఇప్పి, మల్ల ఏరుడెందుకని కట్టి పెట్టిన.”

రామచంద్రం తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని తట్ట పక్కన గొంతుకూర్చున్నాడు. పురికొస కట్టల మీదికి వంగి చాలాసేపు చూశాడు. సీసం మీద అక్షరాలన్నీ అద్దంలోలాగా తిరగబడి ఉంటాయి. ఆయన తల అటు వంచాడు, ఇటు వంచాడు. ఇంగ్లీషులో డిగ్రీ చదివిన మనిషికి ఒక్క మాటా అంతుపట్టలేదు.

“ఇదేం మాటమ్మా?” అని అడిగాడు ఒక కట్ట చూపించి.

“మాటేందో నాకు తెల్వది సారు. కానీ మీ కాయితంల నాలుగో పేజీ, నడిమి వరస. గా గడియారం బొమ్మ పక్కపొంటి ఉన్నది సూడుండ్రి, గది.”

రామచంద్రం కేసు మీది కాగితం తీసి చూశాడు. నాలుగో పేజీ నడిమి వరస పక్కన పిల్లల కోసం ఆయన గీసిన గడియారం బొమ్మ ఉంది. క్లాక్. బ్లాక్. ఫ్లాక్. స్టాక్. ఆయన కాగితం పట్టుకుని గుర్వయ్య వైపు తిరిగాడు.

“ఊర్లల్లోంచి ఆరో తరగతికి వచ్చే పిల్లలకు ఒక్క మాట నేర్పితే ఎనిమిది మాటలు వస్తాయని ఈ పుస్తకం రాసిన గుర్వయ్యగారూ. మా హెడ్మాస్టరు గారికి ఆర్నెల్లు చెప్పినా ఎక్కలే. ఈమెకు ఎవరు చెప్పారు?”

“ఎవలు చెప్తరు సారు? ఇప్పంగ ఇప్పంగ కనవడ్డది,” అంది బిక్షమ్మ.

మైసయ్య పీట దిగలేదు. “సారు, మీరు ఎన్నన్న చెప్పుండ్రి. ఒకలు కట్టిన తోకలతోని నేను పేర్చ. నా పేజీ నేను కేసులకెల్లి పేరుస్త. నలబై ఏండ్లు గట్లనే పేర్చిన.”

గుర్వయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పదో తారీఖు ఇంకా పన్నెండు రోజులే ఉంది. “సరే అన్నా. మూడో పేజీ నువ్వు పేర్చు. నాలుగో పేజీ ఈమె పేరుస్తది. ఇద్దరికి గదే కేసు. రెండు ప్రూఫులు సారుకిస్త. గప్పుడు ఎర్కైతది.”

“స్టిక్కు?” అన్నాడు లింగయ్య.

అందరూ మైసయ్య చేతికేసి చూశారు. స్టిక్కు కంపోజిటరు సొంత వస్తువు. దసరానాడు దానికి కుంకుమ బొట్టు పెడతారు. గురువు చేతిలో పెడితే తప్ప ఇంకొకరి స్టిక్కును ఎవరూ ముట్టరు. మైసయ్య దాన్ని ఒడిలోకి లాక్కున్నాడు.

“నాకు స్టిక్కొద్దు,” అంది బిక్షమ్మ. “మాటలన్ని ఒకటే కొలత గద. తట్టల్నే పేరుస్త.”

ఆమె నేల మీద కూర్చుని, కట్టలు విప్పి, తోకలను మూడు వరసలుగా ఖాళీ తట్టలో నిలబెట్టింది. సారు రాసిన కాగితం మోకాలు మీద పెట్టుకుంది. లేచి, కేసు దగ్గరికి పోయి, తలకాయలు ఏరుకుని వచ్చి, ఒక్కొక్క తోక ముందు పెట్టింది. వరసకు పదహారు అక్షరాలు, మూడు వరసలకు నలభై ఎనిమిది. పేర్చినవాటిని వేళ్లతో అటూ ఇటూ నొక్కి చూసింది. ఎక్కడా వదులు లేదు. పీట మీద మైసయ్య ఇంకా మొదటి వరస సగంలోనే ఉన్నాడు. ఆయన నుదుటి మీద చెమట కారి కంట్లోకి పోతున్నది. తుడుచుకోవడం లేదు.

సాయంత్రం రెండు ప్రూఫులు తీసి రామచంద్రం ముందు పెట్టారు. ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకుని మొదటి కాగితం మీద వరసగా గుండ్రాలు చుట్టుకుంటూ పోయాడు. రెండో కాగితం మీద ఒక్కచోట ఆగి, ఒక్కటే గుండ్రం చుట్టాడు.

“దీంట్లో పద్నాలుగు. దీంట్లో ఒకటి.”

గుర్వయ్య ఆ కాగితాలను చేతిలోకి తీసుకున్నాడు. పద్నాలుగు ఉన్నది మూడో పేజీ. ఆయన మాటలను నెమ్మదిగా, ఒక్కొక్కటిగా పైకి అన్నాడు. “ఇద్దరు ఏరింది ఒక్క కేసులకెల్లే. ఒకటే టైపు. కేసు ఖరాబైతే రెండింట్ల గావాలె గద తప్పులు. మరి…”

ఆయన తల ఎత్తి కిటికీ వైపు తిరిగాడు. మైసయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, పట్టుబడ్డ మనిషిలాగా కూర్చున్నాడు.

బిక్షమ్మకు కావలసింది అదే. మూట విప్పించినవాళ్ల ముందు నిజం తనంతట తానే నడిచి వస్తున్నది. తాను నోరు మెదపకుండా నిలబడితే చాలు.

“నా పేజీ సగం పొద్దుగాల్నే కట్టి పెట్టింది సేటు,” అంది. “మామ మొత్తం ఏరవట్టె. సారు నిలవడి సూస్తుంటే ఎవలకైన చెయ్యి తడవడ్తది. రేపు మామకు గూడ తోకలిస్తె తప్పులు రావు.”

గుర్వయ్య ఆమె ముఖంలోకి చూసి, కాగితాలు మడిచాడు. మైసయ్య పీట దిగి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు.

రోజూ అందరికంటే ముందు వచ్చి ప్రెస్సు తలుపు తీసేది బిక్షమ్మ. మరునాడు ఆమె వచ్చేసరికి అరుగు మీద మైసయ్య కూర్చుని ఉన్నాడు. ఆమె తాళం తీస్తుంటే వెనకనుంచి అడిగాడు.

“నా కండ్లు కనవడ్తలెవ్వని నీకెన్నడు ఎరుకైంది?”

ఆమె తాళం మీదనుంచి చెయ్యి తీయలేదు. “మొన్న.”

“మరి నిన్న ఎందుకు చెప్పకపోతివి? నిన్ను దొంగనంటి గద నేను. నోటితోని అంటి.”

“అంటివి.”

“మరి?”

“చెప్తె నువ్వేం జేద్దువు మామా? ఇంటికి పోయి గోడను సూస్కుంట కూసుందువా?”

మైసయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “గోడ గూడ మసకనే కనవడ్తది, బిడ్డా.” భుజం మీది తువ్వాలుతో రెండు కండ్లూ గట్టిగా ఒత్తుకున్నాడు. “సంకురాత్రి కాన్నుంచి గిట్లనే ఉన్నది. చెప్తే పని పోతదని భయమైంది. నీ మీదకి నూకిన. ఆడిదానివి, ఇంగ్లీషు రానిదానివి, ఎవలన్న నమ్ముతరు గద అనుకున్న. నమ్మిండ్రు.”

బిక్షమ్మ తలుపు తోసింది. లోపలి చీకట్లోంచి కిరసనాయిలు, సిరా వాసన వచ్చింది. “నీళ్లు చల్లుత. జర కాళ్లు పైకి పెట్టుకో మామా,” అంది.

ఎనిమిదింటికి గుర్వయ్య వచ్చాడు. లింగయ్య, అండాలు కూడా వచ్చారు. నిన్నటి ప్రూఫు దిద్దించడానికి రామచంద్రం కూడా వచ్చాడు. మైసయ్య అప్పటిదాకా ఆగాడు. అందరూ వచ్చాక పీట మీదికి ఎక్కలేదు. గది నడుమ నిలబడ్డాడు.

“గుర్వయ్యా, జర ఇను. మీరందరు గూడ ఇనుండ్రి. కేసు ఖరాబు గాలె. ఖరాబైంది నా కండ్లు. ఇరవై మూడు తప్పులు నాయే, పద్నాలుగు నాయే. ఆ పిల్ల ఇప్పిన గూట్ల ఎన్నడూ ఒక్క పరాయి అక్షరం లేదు. నేను అన్నది అబద్దం. మూట ఇప్పిచ్చింది పాపం.”

గుర్వయ్య ఏదో అనబోయాడు. మైసయ్య చెయ్యెత్తి ఆపాడు. “నన్నింక అననీ. సర్కసు పోస్టర్లున్నయి గద. జానెడు జానెడు కట్టె అక్షరాలు. గవి నాకు కనవడ్తయి. గవి నేను జేస్త. ఇంగ్లీషు ఈమెకియ్యి. ఇయ్యకుంటె నీ పుస్తకం పదో తారీఖుకు కాదు, దసరాకు గూడ కాదు.”

చెప్పి, స్టిక్కును చొక్కాతో తుడిచి బిక్షమ్మ చేతిలో పెట్టాడు. “ఎడమచేతిల గిట్ల పట్టాలె. బొటనేలు ఈడ పెట్టి అక్షరాన్ని ఆపాలె. తట్టల పేర్చుడు ఒక్క పుస్తకానికే నడుస్తది. పెండ్లి పత్రికొస్తే ఏం జేస్తవ్?”

ఇత్తడి ఆయన అరచేతి వేడికి వెచ్చగా ఉంది. బిక్షమ్మ చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తోచక, కండ్లకద్దుకుంది.

గుర్వయ్య నేల చూస్తూ అన్నాడు. “నిన్న మూట ఇప్పిచ్చిన. తప్పైంది బిక్షమ్మా. నా తల్లి లెక్క అనుకో, చెల్లె లెక్క అనుకో.”

“సెల్లె లెక్కనే అనుకుంట సేటు. మీ అమ్మంత ముసలిదాన్ని గాలె ఇంక,” అంది ఆమె. అండాలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో గదిలో అందరికీ ఊపిరి ఆడింది.

“ఇగ ఇప్పేదానికి ఇంకొకలను సూస్త. నువ్వు పేర్చుడే.”

“వద్దు సేటు. ఇప్పేది గూడ నేనే ఇప్పుత. ఇప్పంగనే మాట ఎట్ల కట్టిండ్రో కనవడ్తది.”

ఆ పది రోజులు ప్రెస్సులో పని నడిచిన తీరే మారిపోయింది. పొద్దున అచ్చు. అచ్చయిన వెంటనే కడిగి, తలకాయలు గూళ్లకు, తోకలు తట్టలకు. మధ్యాహ్నం మళ్లీ కొత్త తలకాయలు. రామచంద్రం రోజూ సాయంత్రం వచ్చి బల్ల పక్కన కూర్చునేవాడు. మొదట ప్రూఫు దిద్దడానికే వచ్చేవాడు. తర్వాత బిక్షమ్మ పేర్చిన ప్రతి వరసనూ పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. కింగ్, రింగ్, వింగ్. ఆమె చేతులు ఆపకుండానే, లోపలే పెదవులు కదిలిస్తూ అనేది. గోడ దగ్గర మైసయ్య జానెడు కట్టె అక్షరాలతో ఏనుగుల సర్కసు అని పేర్చుతూ, “సారు, జర గట్టిగ చదువుండ్రి, నా చెవులు ఇంక మంచిగనే ఉన్నయి,” అనేవాడు.

తొమ్మిదో తారీఖు సాయంత్రానికి అండాలు ఆఖరి పుస్తకం కుట్టి దారం తెంపింది. మరునాడు రామచంద్రం కట్టలన్నీ ఎడ్లబండి మీద వేయించుకుని బడికి తీసుకుపోయాడు.

ఆ పుస్తకం ఆ తర్వాత మళ్లీ మళ్లీ అచ్చయింది. దేవరకొండ దాకా, అటు జడ్చర్ల దాకా పోయింది. దాని అట్ట మీద రాసినవారి పేరుంది. వెనక అట్ట మీద ప్రెస్సు పేరుంది. పేర్చిన మనిషి పేరు ఏ పుస్తకం మీదా వేసే ఆనవాయితీ లేదు, దీని మీదా వేయలేదు. చదివిన మీకు నా మనవి ఒక్కటే. మీరుగాని, మీ ఇంట్లో పిల్లలుగాని ఆ పేజీల మీద వేలు పెట్టి మొదటి ఇంగ్లీషు మాట కూడబలుక్కుని ఉంటే, ఆ వేలి కింద ఉన్న అక్షరాలను నల్లగొండలో బిక్షమ్మ అనే ఆమె తన చేతులతో నిలబెట్టిందని గుర్తుపెట్టుకోండి.